ఖమ్మం దాకా వచ్చిన రాముడు

మొన్న పండక్కి ఊరెళ్ళాను. మాది భద్రాచలం దాటాక చర్ల వైపు, అడవిని ఆనుకుని ఉన్న చిన్న పల్లె. రాత్రి పదింటికి ప్రొడక్షన్‌లో ఏదో పడిపోయింది. సిగ్నల్ కోసం ఊరి చివర దిబ్బెక్కుతుంటే నాన్న నవ్వాడు. "నువ్వు దిబ్బ దాకేగా, మేం రాముణ్ణి చూడ్డానికి ఖమ్మం దాకా పోయేవాళ్ళం రా!"

భద్రాద్రి పక్కనే ఉండి రాముడి కోసం ఖమ్మమా అనుకోకండి. ఆయన చెప్పేది 1987 నాటి దూరదర్శన్ రాముడి సంగతి. మా మేనత్త వాళ్ళింట్లో టీవీ ఉండేదట. శనివారమే బస్సెక్కేవాళ్ళట.

ఆ రాముడు ఖమ్మం దాకా ఎలా వచ్చాడా అని కాస్త తవ్వాను.

1965 ఏప్రిల్ 6న అమెరికా నుంచి ఎర్లీ బర్డ్ ఎగిరింది. భూస్థిర కక్ష్యలో మొట్టమొదటి వాణిజ్య సమాచార ఉపగ్రహం అదే. కెపాసిటీ ఎంతనుకున్నారు? 240 ఫోన్ లైన్లు, లేదంటే ఒక్క టీవీ చానెల్. అంతే!

మన ఇన్శాట్-1ఎ 1982 ఏప్రిల్‌లో వెళ్ళింది. యాంటెన్నా మొరాయించింది, సోలార్ సెయిల్ విచ్చుకోలేదు, చివరికి ఇంధనం అయిపోయింది. ఏడేళ్ళు బతకాల్సింది ఐదు నెలలకే పోయింది. అయినా మనవాళ్ళు ఆగలేదు. 1983 ఆగస్టు 30న చాలెంజర్ షటిల్‌లో ఇన్శాట్-1బి వెళ్ళింది. దాని సోలార్ పానెళ్ళూ ఇరుక్కున్నాయి. కింద నుంచి కమాండ్లు పంపి పంపి, సెప్టెంబరులో దారికి తెచ్చారు. 36,000 కిలోమీటర్ల దూరంలోని బాక్సుకి రిమోట్‌గా ఫిక్స్! సర్వర్ రీస్టార్ట్ చేసి కాలరెగరేసే నాకు కాస్త సిగ్గేసింది.

అక్కణ్ణించి కథ మారిపోయింది. ఢిల్లీ నుంచి ప్రోగ్రాం పైకి వెళ్తుంది, పైనుంచి దేశమంతటి రిలే కేంద్రాల మీద ఒకేసారి పడుతుంది. మధ్యలో అడవి ఉన్నా, గోదావరి ఉన్నా దానికి ఒకటే.

మరి మా దిబ్బ సంగతేంటి? టీవీ ఒకవైపు ప్రయాణం. చూసేవాళ్ళు ఎంతమంది పెరిగినా ఉపగ్రహానికి అదనపు ఖర్చు లేదు. ఫోన్ అలా కాదు, దగ్గర్లో టవర్ ఉండాలి, దానికి కరెంటు, లైను ఉండాలి. ఇరవై ఇళ్ళకి అదంతా గిట్టుబాటు కాదని లెక్క తేలుస్తారు. నిరుడు వానల్లో నానమ్మకి ఆయాసమొస్తే, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యడానికి నాన్న ఈ దిబ్బే ఎక్కాడు. వానలో, చేతిలో టార్చితో. నానమ్మ బతికింది, మా అదృష్టం.

ఇన్శాట్ లాభం చూసుకుని ఊళ్ళని ఎంచుకోలేదు. టవరెందుకు ఎంచుకోవాలి? నా దగ్గర జవాబు లేదు. మీరేమంటారు?