దిక్కు తెలిసే చప్పుడు: సౌండ్ కార్డు నుంచి ప్లగిన్ దాకా

గేమ్ తయారుచేసేవాళ్లకు యూనిటీ ఇంజన్‌లో స్టీమ్ ఆడియో ప్లగిన్ పెట్టుకోవడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. ప్యాకేజీని ప్రాజెక్టులోకి దింపి, ఆడియో సెట్టింగుల్లో స్పేషలైజర్‌గా దాన్ని ఎంచుకుని, చప్పుడు చేసే వస్తువు దగ్గర ‘స్పేషలైజ్’ గడిలో టిక్కు పెట్టాలి. స్పేషల్ బ్లెండ్ మీటను 3డీ వైపు చివరిదాకా జరపాలి. గోడలనూ నేలనూ జామెట్రీగా గుర్తించి, ఇది ఇటుక, ఇది తివాచీ అని చెబితే, ఏది ఎంత శబ్దాన్ని మింగుతుందో చూసుకుని ప్రతిధ్వనిని ప్లగినే లెక్క కడుతుంది. ఇదంతా వీఆర్ హెడ్‌సెట్లతో పాటు పుట్టిన విద్య అని చాలామంది అనుకుంటారు. ఇదే పనిని 1998లోనే ఇళ్లలోని కంప్యూటర్లు చేశాయి, ఆ తర్వాత చాలా ఏళ్లు మరిచిపోయాయి. లెక్కలు చేతకాక మరిచిపోలేదు. ఆ లెక్కలన్నీ ఒకటి రెండు కంపెనీలు అమ్మే కార్డులకు కట్టుబడి ఉండడమే ఆ మరుపుకు అసలు కారణమని నా వాదన.

చెవికి దిక్కు ఎలా తెలుస్తుందన్నది పాత సంగతే. కుడివైపు చప్పుడు కుడి చెవికి ముందుగా, గట్టిగా చేరుతుంది. ఎడమ చెవికి తల అడ్డుపడి, ఆలస్యంగా, సన్నగా చేరుతుంది. ఆ ఆలస్యం సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు. ఈ రెండు తేడాలనూ లార్డ్ రేలీ 1907లో సిద్ధాంతంగా చెప్పాడు. అయితే సరిగ్గా ఎదురుగా ఉన్నదానికీ, వీపు వెనక ఉన్నదానికీ ఈ తేడాలు రెండూ దాదాపు సున్నాయే. అక్కడ ఆదుకునేవి చెవి డొప్ప మడతలు. ఒక్కో దిక్కు నుంచి వచ్చే స్వరాన్ని అవి ఒక్కోలా మార్చి లోపలికి పంపుతాయి. ఆ మార్పుల్ని కొలిచి పెట్టుకుంటే ఏ శబ్దాన్నైనా హెడ్‌ఫోన్లలో వెనక్కి నెట్టొచ్చు. 1980ల చివర్లో నాసా ఏమ్స్ కేంద్రంలోని ఎలిజబెత్ వెంజెల్, క్రిస్టల్ రివర్ ఇంజనీరింగ్ స్థాపకుడు స్కాట్ ఫాస్టర్ కన్వాల్వోట్రాన్ అనే యంత్రంతో దీన్ని అప్పటికప్పుడు జరిగేలా చేశారు. 1994లో ఎంఐటీలో బిల్ గార్డ్‌నర్, కీత్ మార్టిన్ కీమార్ అనే బొమ్మకు చుట్టూ 710 చోట్ల నుంచి శబ్దం వినిపించి, దాని చెవుల్లోని మైకులు పట్టినదంతా నమోదుచేసి, ఎవరైనా వాడుకోండని ఉచితంగా వదిలారు.

క్రిస్టల్ రివర్‌ను 1996లో ఆరియల్ అనే చిప్పుల కంపెనీ కొంది. ఆ విద్యను 1998లో వోర్టెక్స్ 2 చిప్పులోకి, ఏ3డీ 2.0 పద్ధతిలోకి దించింది. ఆటలోని గోడల ఆకారం తీసుకుని శబ్దం ఎక్కడ తగిలి ఎలా తిరిగొస్తుందో ఆ కార్డు లెక్క కట్టేది. హాఫ్-లైఫ్ ఆడినవాళ్లకు ఆ రుచి తెలుసు. పోటీదారు క్రియేటివ్ తెచ్చిన ఈఏఎక్స్ అంత దూరం పోలేదు, ఇది గుహ, ఇది హాలు అని గదికో ముద్ర వేసి సరిపెట్టింది. నిజం చెప్పాలంటే ప్రోగ్రామర్లకు అదే సులువు. క్రియేటివ్ పేటెంట్ దావా వేస్తే 1999 చివర్లో తీర్పు ఆరియల్ పక్షానే వచ్చింది. కానీ కోర్టు ఖర్చులు మిగిల్చిందేమీ లేదు. 2000లో ఆరియల్ దివాలా తీసింది, దాని ఆస్తుల్ని 3.2 కోట్ల డాలర్లకు కొన్నది క్రియేటివే. గెలిచినవాడి సొత్తు ఓడినవాడి చేతికి పోయింది! 2004లో డూమ్ 3 విషయంలో కథ ఇంకా విచిత్రం. ఆ ఆటలో నీడలు గీసే పద్ధతి మీద క్రియేటివ్‌కు పేటెంటు ఉంది. దాన్ని వాడుకోనిచ్చినందుకు బదులుగా ఇడ్ సాఫ్ట్‌వేర్ తన ఆటలో ఈఏఎక్స్‌కు చోటివ్వడానికి ఒప్పుకుంది. చెవికి మంచిదా కాదా అన్న ప్రశ్నే ఆ బేరంలో లేదు.

దీన్నంతా చంపింది విండోస్ విస్టా కదా అని కొందరంటారు. 2007లో ఇళ్లకు చేరిన విస్టా, ఆటల శబ్దాన్ని అందుకునే విండోస్ భాగమైన డైరెక్ట్‌సౌండ్‌కూ కార్డుకూ మధ్య దారి మూసేసిన మాట నిజం. పాత ఆటల్లో ప్రతిధ్వనులు రాత్రికి రాత్రి మాయమయ్యాయి. కానీ డ్రైవర్లు చెడి సిస్టమ్ మొత్తం కూలిపోవడం అప్పట్లో మామూలు, మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపాలనుకుంది. ఒక్క దారి మూసుకుంటే విద్యంతా ఆగిపోయిందంటే, దానికి రెండో దారి లేకుండా పోవడమే తప్పు. ప్రాసెసర్లు వేగం పుంజుకున్నాయి కాబట్టే ప్లగిన్లు వచ్చాయన్నది ఇంకో వాదన, ఇది బలమైనదే. అయితే రెండు కోర్ల ప్రాసెసర్లు విస్టా నాటికే ఇళ్లలో ఉన్నాయి. అయినా ఆ తర్వాత చాలా ఏళ్లు ఎక్కువ ఆటలు ఎడమ, కుడి సర్దుబాటుతోనే కాలక్షేపం చేశాయి. వేగం అవసరమే, అదొక్కటే చాలలేదు. తల తిప్పితే శబ్దం తిప్పక తప్పని వీఆర్ వచ్చి గిరాకీ పుట్టించింది. ఉచిత ప్లగిన్ వచ్చి ఆ గిరాకీని తీర్చింది.

నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధనల్లోంచి పుట్టిన కంపెనీ ఇంపల్సోనిక్‌ను ఆటల కంపెనీ వాల్వ్ కొని, 2017లో స్టీమ్ ఆడియోగా ఉచితంగా ఇచ్చింది. గూగుల్ అదే ఏడాది రెజొనెన్స్ ఆడియో తెచ్చింది. దానికి ఆధారమైన, అన్ని దిక్కుల శబ్దాన్నీ కలిపి నమోదుచేసే యాంబిసోనిక్స్‌ను 1970ల్లో మైకేల్ గెర్జాన్ రూపొందించినప్పుడు రికార్డుల బజారు పట్టించుకోలేదు. వాల్వ్, గూగుల్ కూడా కంపెనీలే కదా, రేపు చేతులెత్తేస్తే? ఎత్తేయొచ్చు. కానీ రెజొనెన్స్ సోర్సు కోడ్ 2018లోనే, స్టీమ్ ఆడియోది 2024లో బయటికొచ్చింది. పైగా ప్లగిన్ ఆటతో పాటే ఆటగాడి ఇంటికి వెళ్తుంది, ఇచ్చిన కంపెనీ మూతపడినా ఆట మూగబోదు.

తీరనిది ఒకటుంది. కీమార్ చెవులు సగటు చెవులు, అందరివీ అలా ఉండవు. అందుకే కొందరికి ఎదురుగా ఉన్న చప్పుడు వెనక నుంచి వినిపిస్తుంది. ఎవరి చెవి కొలతను వాళ్లు ప్లగిన్‌కు ఇచ్చుకునేందుకు సోఫా అనే ఫైలు పద్ధతి 2015లోనే ప్రమాణమైంది, స్టీమ్ ఆడియో దాన్ని చదువుతుంది కూడా. కొలిపించుకోవడమే కష్టం, దానికి ప్రతిధ్వని లేని గది కావాలి. 2020లో ప్లేస్టేషన్ 5 తెచ్చిన సోనీ కూడా ఐదు నమూనాలిచ్చి, వాటిలో నప్పినదాన్ని ఎంచుకోమంది.