మోటు ఆవు – మన కొండల చరిత్ర

శబరిలో సీలేరు కలిసే చోట మోటు అనే ఊరు ఉంది. అది ఒడిశాలోని మల్కనగిరి జిల్లాలోది. మన కోయ పల్లెల్లో తిరిగే పొట్టి ఎర్ర ఆవుల జాతికి ఆ ఊరి పేరే పెట్టారు. కాబట్టి మోటు ఆవు అంటే మొరటు ఆవు అని అర్థం కాదు.

1936 వరకు మల్కనగిరి జయపురం జమీందారీ కింద, విశాఖపట్నం ఏజెన్సీలో ఉండేది. ఆ ఏడాది ఒరిస్సాలో కలిసింది. భద్రాచలం ప్రాంతం 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మం జిల్లాకు పోయింది. 2014లో చింతూరు, కూనవరం మండలాలు మళ్ళీ తూర్పు గోదావరికి వచ్చాయి. సర్కారు గీతలు ఇన్నిసార్లు మారాయి. ఏటికి అటూ ఇటూ ఉన్న కోయవాళ్ళూ, వాళ్ళ గొడ్లూ మారలేదు.

ఈ ఆవు ఒళ్ళు చిన్నది, గట్టిది. కాళ్ళు పొట్టివి. రంగు ఎక్కువగా ఎరుపు, గోధుమ. బోడివి కూడా ఉంటాయి, కొమ్ములు ఉన్నా చిన్నవే. అడవిలో దొరికిన గడ్డీ ఆకూ మేసి బతుకుతుంది. రాళ్ళ నేలలో, వాలు చేలో తేలిక నాగలిని లాగుతుంది. పెద్ద ఎద్దులు తిరగలేని చిన్న మడిలో ఈ జత సులువుగా తిరుగుతుంది.

పాలు మాత్రం తక్కువ. మన పెద్దలు ఆవును పితికేవారు కాదు, పాలు దూడవి అనేవారు. వాళ్ళు గొడ్లను పెంచింది దుక్కికి, ఎరువుకు. ఆ అవసరానికి తగిన కోడెలను తరతరాలుగా ఎంచుకోవడం వల్లనే ఈ జాతి నిలిచింది.

తరువాత వచ్చిన పథకాలు ఆవును లీటర్లతో కొలిచాయి. మన గొడ్లను నాసిరకం అన్నాయి. నా చిన్నప్పుడు మా ఊరిలో ఒక ఇంటికి సీమ ఆవును ఇచ్చారు. దాణా కొనలేకపోయారు. రెండో వేసవి దాటకుండానే అది చనిపోయింది. పక్కనే మా పొట్టి ఆవులు ఎండలో మేస్తూనే ఉన్నాయి.

పుంగనూరు పొట్టి ఆవు పేరు ఇప్పుడు అందరికీ తెలుసు. దాని పాలలో వెన్న ఎక్కువ అంటారు, గిరాకీ కూడా ఉంది. మన ఆవుకు ఆ గిరాకీ లేదు. అయినా కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ మోటును ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. అది నాసిరకం కాదని ప్రభుత్వ పుస్తకమే ఒప్పుకుంది.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈ ఏడు మీ పిల్లలతో ఊరి మందను లెక్కించండి. రంగు, కొమ్ము, ఎత్తు రాయించండి. మంచి కోడె ఏదో, దాన్ని ఎలా గుర్తుపట్టాలో పెద్దలను అడిగించండి. ఆ కోడెను సంతకు తోలకముందే అడగాలి. అది పోతే దాని దూడలు మళ్ళీ రావు.