పొలము ఊరగుట : లేఅవుటు పరిశీలన చరిత్ర

సిద్దిపేట పట్టణము నుండి ఏ బాట వెంట నడచినను కొంతదూరమునకే ఒక దృశ్యము కానవచ్చును. నిన్నటి వరకు మొక్కజొన్నయో వరియో పండిన చేను చదును చేయబడి, అందులో సున్నము పూసిన హద్దురాళ్ళు వరుసలుగా పాతబడి యుండును. రాతికి, రాతికి నడుమ నున్న రెండు వందల గజముల నేలలో ఒక కుటుంబము తన జీవితకాలపు పొదుపును పెట్టి యుండును. ఆ రాళ్ళను ఎవరు పాతిరి? వాటి నడుమ బాట ఎంత వెడల్పు ఉండవలెనని ఎవరు నిర్ణయించిరి? వానపడిన నీరు ఎటు పోవునని ఎవరైన చూచిరా? ఈ ప్రశ్నలను ఇల్లు కట్టకముందే అడుగుటకు పుట్టినదే లేఅవుటు పరిశీలన. చూచుటకు ఇది కార్యాలయపు కాగితముల వ్యవహారమువలె తోచును. కాని దీనికొక దీర్ఘమైన చరిత్ర కలదు.

చేను వేరు, ఇంటిస్థలము వేరు

భూమిని పంచుకొనుట తెలంగాణ గ్రామములకు క్రొత్త కాదు. సాలార్‌జంగు దివానుగా నున్న కాలమున, 19వ శతాబ్దపు ఉత్తరార్ధములో, హైదరాబాదు రాజ్యమున భూమి కొలతలు క్రమపద్ధతిలో మొదలైనవి. ప్రతి చేనుకు ఒక సర్వే నంబరు, ప్రతి గ్రామమునకు ఒక నక్షా ఏర్పడినవి. అన్నదమ్ములు వేరుపడినపుడు సర్వే నంబరును విభజించుటను 'ఫోడి' యనిరి. అట్లు విడిన భాగములకు అ, ఆ, ఇ అని అక్షరములు చేర్చుట ఇక్కడి వాడుక. నలుబది గుంటలు ఒక ఎకరము. ఒక గుంట 121 చదరపు గజములు.

చేనును విభజించునపుడు గెట్టు ఎక్కడ ఉండవలెనో తేలిన చాలును. ఒకరి చేనిగట్టు మీదుగా మరియొకరు నడచిపోవుదురు. నీరు పై మడి నుండి క్రింది మడికి తానే దిగును. ఇంటిస్థలముల విషయము అట్లు కాదు. ప్రతి ఇంటికి బాట కావలెను, మురుగుకాలువ కావలెను, మంచినీరు కావలెను. ఇవి ఏ ఒక్కరి స్థలములోను ఇముడునవి కావు. అందరి స్థలముల నుండి కొంత కొంత తీసినగాని ఏర్పడవు. కావున చేను విభజన ఇద్దరి మధ్య ఒప్పందము కాగా, ఇంటిస్థలముల విభజన ఊరంతటికి సంబంధించిన నిర్ణయమగుచున్నది. ఈ భేదమును గుర్తించుటకు మానవ సమాజమునకు చాల కాలము పట్టినది.

ప్రాచీనుల ఆలోచన

గ్రీకుల మిలీటసు నగరము క్రీ. పూ. 494లో పారశీకుల చేత నాశనమైనది. తరువాత దానిని తిరిగి కట్టినపుడు బాటలను చదరంగపు గళ్ళవలె నిలువుగా, అడ్డముగా తీర్చిరి. ఆ నగరమువాడైన హిప్పోడామసు పేరు ఈ పద్ధతితో కలిసిపోయినది. మన దేశమున కౌటిల్యుని అర్థశాస్త్రము నగర నిర్మాణమును గూర్చి చెప్పుచు, తూర్పు పడమరలుగా మూడు, ఉత్తర దక్షిణములుగా మూడు రాజమార్గములుండవలెనని విధించినది.

ఆ గ్రంథములోనే ఇంటిని, స్థలమును అమ్ము విధానము కూడ కలదు. పొరుగువారి సమక్షమున ఆస్తి హద్దులను ఉన్నవి ఉన్నట్లు ప్రకటించి, ఇంత వెలకు ఎవరు కొందురని ముమ్మారు పిలువవలెను. అనగా, స్థలము చేతులు మారుట బహిరంగముగా జరుగవలెననియు, దానివలన కష్టనష్టములు కలుగువారికి ముందుగా తెలియవలెననియు భావము. నేటి లేఅవుటు పరిశీలనలో నున్న మూలసూత్రమును ఇందు చూడవచ్చును.

వరద నేర్పిన పాఠము

మన ప్రాంతమున ఆధునిక నగర ప్రణాళికకు నాంది పలికినది ఒక విపత్తు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. ఆ మరుసటి సంవత్సరము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా కోరిరి. నగరమునకు ఎగువన జలాశయములు నిర్మించవలెననియు, మురుగునీటి వ్యవస్థను ఏర్పరుపవలెననియు ఆయన సూచించెను. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు ఆ సూచనల ఫలితములే. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడి, ఇరుకు పేటలను తొలగించి వెడల్పైన వీధులు వేయుటకు, గాలి వెలుతురు గల ఇండ్లు కట్టుటకు పూనుకొనెను.

ఈ అనుభవము ఒక సత్యమును వెల్లడించినది. ఇండ్లు వెలసిన తరువాత వీధిని వెడల్పు చేయవలెనన్న పడగొట్టవలెను, పరిహారమీయవలెను, నివాసులను వేరొకచోటికి తరలింపవలెను. చేనుగా నున్నపుడే గీత గీసినచో ఆ వెడల్పు కాగితము మీద ఒక సిరాచుక్క ఖర్చుతో వచ్చును.

నియమము చట్టమైన తీరు

ఇట్టి ఆలోచనయే అప్పటికి ఇతర దేశములలోను రూపుదాల్చుచుండెను. 1875లో ప్రష్యా రాజ్యము వీధుల అంచురేఖలను ముందుగా నిర్ణయించు అధికారమును స్థానిక సంస్థలకిచ్చెను. 1909లో బ్రిటనులో గృహ, పట్టణ ప్రణాళికా చట్టము వచ్చినది. భారతదేశమున ఈ కోవకు చెందిన మొదటి చట్టము 1915 నాటి బొంబాయి పట్టణ ప్రణాళికా చట్టము. 1920లో మద్రాసు రాష్ట్రము కూడ ఇట్టి చట్టమును చేసెను.

ఆ 1920వ సంవత్సరముననే వచ్చిన మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టములో ఒక చిన్న నిబంధన కలదు. భూస్వామి తన భూమిని ఇంటిస్థలములుగా అమ్మదలచినచో, వాటికి బాట వేసి యిచ్చు బాధ్యత అతనిదే యని దాని సారాంశము. అంతవరకు బాట వేయుట ప్రభుత్వము పని, లేదా ఎవరి పనియు కాదు. ఈ నిబంధనతో అది లాభము పొందువాని పని యయ్యెను. 1928లో అమెరికా వాణిజ్యశాఖ ప్రకటించిన నమూనా చట్టము కూడ భూవిభజన పటములను ప్రణాళికా సంఘము పరిశీలించిన పిమ్మటనే నమోదు చేయవలెనని చెప్పినది.

సిద్దిపేట 1952లో మునిసిపాలిటీ అయినది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత, రెండు ప్రాంతములకును ఉమ్మడిగా 1965లో ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టము వచ్చెను. దాని 184, 185 సెక్షనులు పై నిబంధనను విస్తరించినవి. భూమిని స్థలములుగా అమ్మదలచినవాడు ముందుగా లేఅవుటు పటమును సమర్పించి అనుమతి పొందవలెను, బాటలు వేయవలెను, ప్రజల ఉపయోగార్థము కొంత స్థలమును వదలవలెను. తెలంగాణమున ఈ చట్టము స్థానమున 2019లో క్రొత్త మునిసిపాలిటీల చట్టము వచ్చినది.

పరిశీలనలో చూచునదేమి?

లేఅవుటు పటము కార్యాలయమునకు వచ్చినపుడు మొదట చూచునది యాజమాన్యము. అమ్మువానికి ఆ భూమిపై హక్కు కలదా, అది ప్రభుత్వ భూమియా, అసైన్డు భూమియా అని రెవెన్యూ దస్తావేజులతో సరిచూతురు. రెండవది హద్దు. గ్రామ నక్షాలోని కొలతలకు, నేలమీది కొలతలకు తేడా యున్నదా యని చూతురు. మూడవది బాట. లోపలి బాటలు పెద్దరోడ్డుతో కలియుచున్నవా, ప్రక్క చేను రేపు లేఅవుటైనచో ఈ బాట అందులోనికి సాగునా యని చూతురు. నాల్గవది నీరు. ఐదవది ఖాళీస్థలము, మొత్తములో పదవవంతు ఉమ్మడి ఉపయోగమునకు వదలుట మన రాష్ట్రమున స్థిరపడిన ప్రమాణము.

ఈ నియమముల బరువెంతయో చిన్న లెక్కతో తెలియును. ఎకరమునకు 4,840 చదరపు గజములు. అందులో పదవవంతు, అనగా 484 గజములు, ఖాళీస్థలమునకు పోవును. బాటలకు నూటికి ముప్పది చొప్పున తీసినచో 1,452 గజములు. మిగులునది 2,904 గజములు. రెండు వందల గజముల ప్లాట్లు 14 వచ్చును. ఇక ఖాళీస్థలము వదలక, బాటలను ఇరుకుచేసి నూటికి పదిహేను మాత్రమే తీసినచో మిగులునది 4,114 గజములు; ప్లాట్లు 20 వచ్చును. ఎకరమునకు ఆరు ప్లాట్ల తేడా! అనుమతి లేని లేఅవుట్లు ఎందుకు వెలయుచున్నవో ఈ ఆరు ప్లాట్లే చెప్పుచున్నవి. అమ్మువానికి లాభముగా తోచు ఈ ఆరు, కొన్న ఇరువదిమందికి శాశ్వతమైన ఇరుకుగా మిగులును.

నీటి లెక్క మరింత ముఖ్యమైనది. ఎకరము నేలపై 50 మిల్లీమీటర్ల వాన కురిసినచో పడిన నీరు సుమారు రెండు లక్షల లీటర్లు. చేనుగా నున్నపుడు అందులో పెద్దభాగము నేలలో ఇంకును. అదే నేల పైకప్పులతో, సిమెంటు బాటలతో నిండినపుడు చాలవరకు పారిపోవును. అది పారుటకు తోవ లేనిచో పల్లముననున్న ఇంటిలోనికి చేరును. సిద్దిపేట చెరువుల సీమ; పట్టణమునకు అలంకారమైన కోమటి చెరువు వంటివి ఎన్నో తరముల క్రిందట నేలవాలు చూచి కట్టినవి. వాగును పూడ్చి ప్లాటు వేసినను వాలు మారదు. 2012 నాటి నిర్మాణ నియమములు పది హెక్టార్లును, అంతకు మించియు విస్తీర్ణము గల చెరువుల అంచు నుండి 30 మీటర్లు, అంతకు చిన్నవాటి నుండి 9 మీటర్లు విడువవలెనని చెప్పుటకు కారణమిదియే.

చివరగా, వాగ్దానము నెరవేరునట్లు చూచు ఉపాయమొకటి కలదు. అనుమతి ఇచ్చునపుడు సాధారణముగా ప్లాట్ల విస్తీర్ణములో 15 శాతమును స్థానిక సంస్థకు తాకట్టు పెట్టించుకొందురు. బాటలు, కాలువలు పూర్తియైన పిదపనే దానిని విడుదల చేయుదురు. బాటలను, ఖాళీస్థలమును స్థానిక సంస్థ పేర దానపత్రముతో వ్రాసి యిచ్చుట కూడ ఇందులో భాగము. ఈ దానపత్రము లేనిచోట పార్కుగా చూపిన స్థలమే కొన్నాళ్ళకు ప్లాట్లుగా అమ్ముడుపోవుట వింతకాదు.

పరిశీలన తప్పించుకొన్న స్థలములు

పట్టణము పెరుగునది అంచుల వద్ద. అంచులలో నున్నవి గ్రామ పంచాయతులు. వాటి వద్ద పటమును చదువగల నిపుణులు లేరు. ఈ లోపమును సవరించుటకు 2002లో గ్రామ పంచాయతుల లేఅవుటు నియమములు వచ్చి, పంచాయతి అనుమతికి ముందు పట్టణ ప్రణాళికా శాఖ సాంకేతిక ఆమోదమును తప్పనిసరి చేసెను. అయినను పంచాయతి ముద్రను చూచి అదియే అనుమతి యని నమ్మి కొన్నవారు అసంఖ్యాకులు.

అట్లు కొన్నవారికి ఇల్లు కట్టుకొన అనుమతి రాదు. బ్యాంకు అప్పు దొరకుట కష్టము. వారి బాధను తీర్చుటకు ప్రభుత్వములు క్రమబద్ధీకరణ పథకములను తెచ్చినవి. 2007 డిసెంబరు చివర ఒకటి, 2015లో మరియొకటి, 2020 ఆగస్టులో ఇంకొకటి వచ్చినవి. 2020 పథకమునకు వచ్చిన దరఖాస్తులు సుమారు 25 లక్షలు. వదలవలసిన ఖాళీస్థలమునకు బదులుగా ప్లాటు విలువలో 14 శాతము రుసుము చెల్లించుట ఈ పథకములోని ఒక అంశము. 2025లో రుసుములపై 25 శాతము తగ్గింపును కూడ ప్రకటించిరి.

ఇచ్చట ఒక చిక్కు కలదు. క్రమబద్ధీకరణ కొన్నవానిని కాపాడును, అది న్యాయమే. కాని రుసుము చెల్లించినంతమాత్రాన ఇరుకు బాట వెడల్పు కాదు, పూడిన వాగు తిరిగి పారదు, పిల్లలాడుకొనుటకు స్థలము పుట్టదు. పైగా, ఎప్పటికైనను క్రమబద్ధీకరణ జరుగునన్న ఆశ తరువాతి అక్రమ లేఅవుటుకు ధైర్యమిచ్చును. కాగితము మీద తప్పు దిద్దబడును. నేలమీద అట్లే నిలిచియుండును.

నేటి సిద్దిపేట

2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా కేంద్రమైనది. 2017లో పట్టణమును, చుట్టుపట్ల గ్రామములను కలిపి సిద్దిపేట పట్టణాభివృద్ధి సంస్థను ఏర్పరచిరి. 2023 అక్టోబరులో రైలు వచ్చినది. జిల్లా కార్యాలయములు, రైలు, హైదరాబాదుకు పోవు రాజీవ్ రహదారి, ఇవన్నియు కలిసి చుట్టునున్న చేల వెలను మార్చివేసినవి. పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడుటలోని శాస్త్రీయ ప్రయోజనము, అంచుల వద్దనున్న గ్రామములను పట్టణముతోపాటు ఒకే పటములో చూచుట. ఒక ఊరి బాట మరియొక ఊరి బాటతో కలియుటకు, ఒక చెరువు అలుగు నీరు క్రింది చెరువును చేరుటకు ఇది అవసరము.

2018 నాటి తెలంగాణ పంచాయతిరాజ్ చట్టము అక్రమ లేఅవుట్ల విషయమున పంచాయతులపై కఠినమైన బాధ్యతను మోపినది. స్థిరాస్తి వ్యాపార నియంత్రణకై 2016లో కేంద్రము చేసిన చట్టము ప్రకారము 500 చదరపు మీటర్లకు మించిన భూమిలోని ప్రాజెక్టును నమోదు చేయక ప్లాట్లను ప్రకటించి అమ్మరాదు. 2020 నాటి తెలంగాణ చట్టము దరఖాస్తుల పరిశీలనకు గడువులు విధించినది. ఈ గడువులకు అర్థమున్నది. అనుమతి ఏండ్లు పట్టినచో నిజాయితీపరుడు కూడ అడ్డదారిని వెదకును.

లేఅవుటు పరిశీలనలో అమ్మువాడు ఎదుట నుండును, అధికారి ఎదుట నుండును. ఎవరికొరకు ఈ పరిశీలన జరుగుచున్నదో ఆ మనుష్యుడు మాత్రము అక్కడ ఉండడు. అతడింకను ప్లాటు కొనలేదు; అతని పిల్లలింకను పుట్టలేదు. వారి తరఫున మాటాడునది పటముపైనున్న గీతలు, అంకెలు మాత్రమే. పాఠశాలలో రేఖాగణితము నేర్చు విద్యార్థులు తమ వీధి వెడల్పును టేపుతో కొలిచి, నేలవాలును చూచి, తమ గ్రామ నక్షాతో పోల్చిచూచినచో ఆ గీతల భాష వారికి తెలియును. ఆ భాష తెలిసిన కొనుగోలుదారుని ముందు పదునాలుగు ప్లాట్ల చేనులో ఇరువది రాళ్ళు పాతుట అంత సులభము కాదు.