రోనాల్డ్ కోస్

రోనాల్డ్ హ్యారీ కోస్ (1910–2013) బ్రిటన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆర్థికవేత్త. చట్టాన్నీ అర్థశాస్త్రాన్నీ కలిపి పరిశీలించే అధ్యయన శాఖకు ఆద్యుల్లో ఒకరు. 1991లో అర్థశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నారు.

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో బీకాం చదువుతూ 1931–32లో ఉపకార వేతనంపై అమెరికా వెళ్లి, అక్కడి పరిశ్రమలను స్వయంగా చూశారు. అన్నిటినీ మార్కెట్టే సమకూర్చగలిగితే సంస్థలెందుకు పుడతాయన్న ప్రశ్నకు 1937లో 'ది నేచర్ ఆఫ్ ద ఫర్మ్' వ్యాసంలో జవాబిచ్చారు: బేరసారాలకూ ఒప్పందాలకూ కూడా ఖర్చవుతుంది, దాన్ని తగ్గించుకోవడానికే. డండీ, లివర్‌పూల్, లండన్‌లలో బోధించి, 1951లో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయానికీ, 1958లో వర్జీనియాకూ మారారు.

1959లో ఆయన జీవితం కొత్త మలుపు తీసుకుంది. రేడియో తరంగాల వినియోగ హక్కులను ప్రభుత్వం తన ఇష్టప్రకారం కేటాయించే బదులు, ధర కట్టి అమ్మాలని ఆ ఏడాది ఒక వ్యాసంలో వాదించారు. షికాగో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తలు అందులోని తర్కం తప్పన్నారు. 1960లో వారిలో ఒకరైన ఆరన్ డైరెక్టర్ ఇంట్లో విందు తర్వాత చర్చ జరిగింది. మొదట ఇరవై మంది ఒకవైపు, కోస్ ఒక్కరే మరోవైపు; చివరికి అందరూ ఆయన పక్షానికే వచ్చారని అక్కడున్న ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ రాశారు. మరో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ కూడా ఆ చర్చలో ఉన్నారు.

ఆ వాదననే విస్తరించి రాసిన 'ది ప్రాబ్లమ్ ఆఫ్ సోషల్ కాస్ట్' న్యాయ పాఠశాలల దారినే మార్చింది. అందులో కోస్ పాత తీర్పులను ఓపికగా తిరగేశారు. 1879 నాటి స్టర్జెస్–బ్రిడ్జ్‌మన్ కేసులో మిఠాయి వ్యాపారి ఏళ్ల తరబడి రోళ్లలో దంచుతున్నాడు. పక్కింటి వైద్యుడు ఆ వ్యాపారి గోడకు ఆనించి గది కట్టుకున్నాక, చప్పుడు వల్ల రోగి గుండె చప్పుడు వినలేకపోతున్నానని కోర్టుకెక్కి గెలిచాడు. నష్టం ఇరువైపులా ఉందని కోస్ గుర్తుచేశారు: చప్పుడు ఆపితే వ్యాపారికి, ఆపకపోతే వైద్యుడికి. బేరానికి ఖర్చే లేకపోతే, హక్కు ఎవరిదైనా ఇద్దరూ మాట్లాడుకుని ఎక్కువ విలువైన పనినే కొనసాగిస్తారు. నిజ జీవితంలో ఆ ఖర్చు తప్పదు కాబట్టే కోర్టు తీర్పుకు అంత విలువ. స్టిగ్లర్ 'కోస్ సిద్ధాంతం' అని పేరు పెట్టి మొదటి సగాన్నే ప్రచారంలోకి తెచ్చారు. కోస్ పట్టుబట్టింది రెండో సగం మీద.

1964లో షికాగో న్యాయ పాఠశాలలో చేరి, 1982 వరకు 'జర్నల్ ఆఫ్ లా అండ్ ఎకనామిక్స్'కు సంపాదకత్వం వహించారు. నల్లబల్ల మీది లెక్కలకన్నా నిజమైన కేసులనూ పరిశ్రమలనూ పరిశీలించే రచనలకే పెద్దపీట వేశారు. తానూ అదే బాటలో, 1974లో బ్రిటన్ దీపస్తంభాల చరిత్రను తవ్వి తీశారు. అమెరికా 1994లో రేడియో తరంగాల వేలం ప్రారంభించడంతో ఆయన 1959 నాటి ప్రతిపాదన అమలులోకి వచ్చింది.