సంక్రాంతి వెళ్ళాక వచ్చిన చుక్క

ఆ పచ్చిమొద్దు ఇప్పుడే మంటలోకి తొయ్యకురా, పొగ కళ్ళల్లో కొడుతుంది. మొన్న అక్టోబరు తుపానుకు కూలిన వేపమొద్దు అది, ఇంకా లోపల తడి ఆరలేదు. పక్కన ఉంచు. దాంతో నాకు పనుంది.

ఏమిటీ, వేరే లోకం వాళ్ళ ఓడా? ఫోన్లో ఎవడో చెప్పాడా! ఓడా కాదు, గీడా కాదు. త్రీ ఐ అట్లాస్ అని, పోయిన జూలైలో చిలీ దేశంలోని టెలిస్కోపుకు చిక్కిన తోకచుక్క. మన సూర్యుడి సంసారంలోది కాదు, వేరే ఏ నక్షత్రం దగ్గరో పుట్టి ఇటుగా పోతోంది. అలాంటివి దొరకడం దాంతో కలిపి మూడోసారి. ఊళ్ళోకి కొత్త మనిషొస్తే కుక్కలు మొరిగినట్టు, ఆకాశంలో కొత్తది కనబడితే జనం ఏదో ఒకటి పుట్టిస్తారు. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి అన్నారు. గ్రహాలన్నీ మకరరాశిలో చేరుతున్నాయి, ఇక ప్రళయమే అన్నారు. నాకు పదేళ్ళు. రామాలయంలో మూడు రోజులు హోమం, భజన. నాకు గుర్తున్నదల్లా పులిహోర. 1979లో స్కైలాబ్. అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం, 77 టన్నుల బరువు, సరిగ్గా మన నెత్తినే పడుతుందన్నారు. ఎలాగూ పోతాం కదా అని మా వీధిలో కోళ్ళన్నీ కోసుకు తిన్నారు. ఆ జూలైలో అది పోయి పోయి పడమటి ఆస్ట్రేలియాలో పడింది. మర్నాడు తెల్లారుజామున లేపడానికి ఊళ్ళో ఒక్క పుంజు లేదు.

సరే, తోకచుక్క మాట ఎత్తావు గనుక మా నాయనమ్మ సంగతి చెబుతాను. ఇటు జరగండి.

ఆవిడ 1900లో పుట్టింది. అందుకని ఆవిడ వయసు చెప్పడానికి ఎవరూ వేళ్ళు మడవక్కర్లేదు. తన పదో ఏట తోకచుక్కను చూశానని చెప్పేది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట, ఒక్క ముక్క అటూ ఇటూ అయ్యేది కాదు. "సంకురాత్రి వెళ్ళిన వారం పది రోజులకురా. పొద్దు గుంకిందో లేదో, పడమట చెరువుగట్టు మీద అగుపించింది. గొడ్లు ఇంటికొచ్చే వేళ. మా అమ్మ పాలు పితుకుతోంది. తోక నిటారుగా లేదు, ఈగల్ని తోలుకునే ఆవుతోకలా ఓ పక్కకి వాలింది. కాస్త ఎడంగా ఇంకో పెద్ద చుక్క." అంటూ మోచెయ్యి దగ్గర చెయ్యి వంచి చూపించేది. గాజులు గలగలా కిందికి జారేవి. తర్వాత, ఏదో మర్చిపోయి చెప్పినట్టు, "మళ్ళీ వైశాఖంలో ఇంకోటొచ్చిందన్నారు. అది నేను చూళ్ళేదు. మమ్మల్ని లోపలేసి గడియ పెట్టారు" అనేది.

ఈ చివరి ముక్క నేనెప్పుడూ చెవిన పెట్టలేదు. లెక్కల మాస్టర్ని కదా. 1910కి 76 కలిపితే 1986. నాయనమ్మ చూసింది హేలీ తోకచుక్కే, మళ్ళీ వస్తోంది, మళ్ళీ చూపిస్తాను. నా లెక్క అక్కడితో ముగిసింది.

హేలీ ఎవరంటే, ఇంగ్లండులో న్యూటన్‌కు స్నేహితుడు. 1682లో తోకచుక్కను చూశాడు. పాత కాయితాలు తిరగేస్తే 1531లో వచ్చిందీ, 1607లో వచ్చిందీ ఇంచుమించు ఇదే దారిన వెళ్ళినట్టు తేలింది. ఇవి మూడు కావు, ఒక్కటే, 1758లో మళ్ళీ వస్తుందని 1705లో అచ్చువేశాడు. తను 1742లోనే పోయాడు. ఆయన మాట నిజమో కాదో చూడ్డానికి లోకమంతా కాచుకుని కూచుంది.

ఇక్కడ ఒకావిణ్ణి గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పారిస్‌లో నికోల్ రేన్ లెపోత్ అని గడియారాలు చేసే ఆయన భార్య. క్లేరో అనే గణితవేత్తతో, లలాంద్ అనే ఖగోళవేత్తతో కలిసి ఆవిడ ఆ చుక్క రాకకు లెక్క కట్టింది. దారిలో గురుడు లాగుతాడు, శని లాగుతాడు. ఎంత లాగితే ఎంత ఆలస్యం? కాలిక్యులేటరు లేదు, ఏమీ లేదు. ఆర్నెల్లు పొద్దున్నుంచి రాత్రిదాకా, ఒక్కోసారి అన్నం బల్ల దగ్గర కూడా కూడికలూ తీసివేతలే. చివరికి 618 రోజులు ఆలస్యమని తేల్చారు. అందులో 518 గురుడి పుణ్యం, మిగతా 100 శనిది. 1759 ఏప్రిల్ నడిమికి సూర్యుడి దగ్గరకొస్తుంది, నెల అటూ ఇటూ కావచ్చు అన్నారు. మార్చి 13న వచ్చింది. మన రైలు టైముతో పోల్చి చూసుకోండి.

పైగా దాన్ని అందరికన్నా ముందు కనిపెట్టింది ఏ పెద్ద వేధశాలో కాదు. జర్మనీలో డ్రెస్డెన్ పక్కన పాలిచ్ అనే రైతు, 1758 క్రిస్మస్ రాత్రి సొంత టెలిస్కోపులోంచి చూశాడు. రైతు! పొలం పని చూసుకుంటూ తనంతట తాను ఆకాశం చదువుకున్నవాడు. నేను ఎనిమిదో తరగతికి ఈ కథ చెప్పిన ప్రతిసారీ వెనక బెంచీ కుర్రాళ్ళు నిటారుగా కూచునేవాళ్ళు.

మన వాళ్ళూ తక్కువేం కాదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో తోకచుక్కల కోసం ఒక అధ్యాయమే పెట్టాడు. వీటి రాకపోకలు లెక్కకు అందవని ఉన్నమాట ఒప్పుకున్నాడు. ఇవి 101 అని కొందరూ, 1000 అని కొందరూ అంటుంటే, నారదుడు మాత్రం ఉన్నది ఒకటే, అదే రకరకాల రూపాల్లో వస్తుందన్నాడని రాశాడు. నేను 1986లో అచ్చంగా నారదుడి పక్షం.

ఆ ఏడు మార్చి నెల. అమావాస్య వెళ్ళిన నాలుగైదు రోజులకు, తెల్లవారుజామున నాలుగింటికి నాయనమ్మను లేపాను. 86 ఏళ్ళు. శుక్లాల ఆపరేషనయ్యాక సోడాబుడ్డి కళ్ళద్దాలు. దుప్పటి కప్పి, నులకమంచం డాబా మీదికి మోయించి కూచోబెట్టాం. మిలిటరీలో చేసొచ్చిన మా బాబాయి దుర్భిణి అరువు తెచ్చాను. ఆగ్నేయం వైపు, కొబ్బరిచెట్ల పైన, కళ్ళు చికిలించి వెతికితే ఒక మసక. అద్దం మీద ఊపిరి వదిలితే పడే మచ్చలా, దానికి ఉందా లేదా అన్నట్టు ఓ బెత్తెడు తోక. ఆవిడ కళ్ళద్దాలు తీసి దుర్భిణికి కన్ను ఆనించి చాలాసేపు చూసింది.

"ఇదేంట్రా?"

"నువ్వు చిన్నప్పుడు చూసిందే నాయనమ్మా. మళ్ళీ వచ్చింది."

"ఇది అది కాదు."

"అదే. ఈసారి మనకు దూరంగా ఉంది, అందుకే చిన్నగా ఉంది. నీ చూపు కూడా..."

"నా చూపుకేంరా! చుక్కే వేరు" అంది. దుర్భిణి నా చేతికిచ్చి, దుప్పటి సర్దుకుంటూ, "సరేలే, దీంతో నేను చూసినవి రెండు" అంది.

"రెండు కాదు, ఒక్కదాన్నే రెండుసార్లు చూశావు" అని సరిదిద్దాను. మా బాబాయి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

దూరం మాట అబద్ధం కాదు. ఆ ఫిబ్రవరిలో హేలీ సూర్యుణ్ణి చుట్టే సమయానికి మన భూమి సూర్యుడికి ఇవతల, అది అవతల. రెండు వేల ఏళ్ళలో ఇంత పేలవంగా ఎప్పుడూ కనిపించలేదట. మనకు మసకే గానీ, మార్చి 14న యూరప్ వాళ్ళ జోత్తో నౌక దానికి 600 కిలోమీటర్ల దగ్గరగా దూసుకుపోయి ఫొటోలు తీసింది. ఇప్పుడు ఇవ్వరా ఆ పచ్చిమొద్దు. మంటకు ఆనించు, లోపలికి తొయ్యకు. చూడండి. వేడి తగిలిన వైపే బుస్సుమని నీళ్ళు, ఆవిరి, నురగ. వెనకవైపు ఏమీ లేదు. జోత్తో చూసింది సరిగ్గా ఇదే. 15 కిలోమీటర్ల పొడుగున్న ముద్ద, బొగ్గులా నల్లగా ఉంది, ఎండ పడిన వైపు నుంచే చిమ్మనగొట్టాల్లా ఆవిరీ దుమ్మూ ఎగజిమ్ముతున్నాయి. దుమ్ము కలిసిన మురికి మంచుముద్ద అని విపుల్ అనే ఆయన 1950లోనే చెప్పాడు. దూరాన ఉన్నంతకాలం గడ్డకట్టి పడుంటుంది. సూర్యుడి దగ్గరికొస్తే ఇదిగో ఇలా బుసకొడుతుంది. మరి పొగ ఎటు పోతోంది? గాలి ఎటు తోస్తే అటు. తోకా అంతే. సూర్యుడి నుంచి వీచే గాలీ వెలుగూ అవతలికి తోస్తాయి. అందుకే తిరిగి వెళ్ళేటప్పుడు తోకచుక్క తోకను ముందు పెట్టుకుని పోతుంది. దుమ్ముతోక బరువు, అది వంగుతుంది. వాయువుతోక తిన్నగా ఉంటుంది. ఆవుతోకలా వాలింది అని నాయనమ్మ అన్నప్పుడే నాకు వెలగాల్సింది.

1988లో ఆవిడ పోయింది.

1997 వేసవిలో హేల్-బాప్ వచ్చింది. అదీ తోకచుక్కంటే! పొద్దు గుంకాక దుర్భిణీ అక్కర్లేకుండా వాయవ్యంలో కనబడేది. మా స్టాఫ్ రూములో సాంఘికశాస్త్రం మాస్టారు అది మన హైదరాబాదు బాప్పుగారు కనిపెట్టిందని పట్టుబట్టాడు. కాదన్నాను. పందెం, రెండు డజన్ల మినపసున్నుండలు. తేల్చుకుందామని ఇద్దరం ఆదివారం గ్రంథాలయానికి పోయాం. వేణు బాప్పుగారిది వేరే చుక్క. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేశారు, ఈయన నిజాం కాలేజీలో చదివి అమెరికాలో హార్వర్డుకు వెళ్ళి, 1949లో మరో ఇద్దరితో కలిసి ఒక తోకచుక్కను పట్టుకున్నారు. బాప్పు-బాక్-న్యూకిర్క్ అని దాని పేరు. హేల్-బాప్ వాళ్ళు అమెరికా వాళ్ళు. సున్నుండలు నావి.

అయితే అదే పుస్తకం పేజీలు తిప్పుతుంటే 1910 దగ్గర ఆగిపోయాను. ఆ ఏడు తోకచుక్కలు రెండు.

మొదటిది జనవరిలో. ఎవరి లెక్కలోనూ లేదు. జనవరి 12న దక్షిణాఫ్రికాలో గనుల్లో పనిచేసే కూలీలకు ముందు కనబడింది. 17న సూర్యుణ్ణి చుట్టింది, ఆ రోజుల్లో పట్టపగలే చూశారు. ఆ తర్వాత నెలాఖరుదాకా పొద్దు గుంకగానే పడమట, పొడవాటి వంగిన తోకతో. అప్పుడు శుక్రుడు కూడా సాయంత్రపు చుక్కే, అదే దిక్కున. రెండోది హేలీ. అది బాగా కనిపించింది మే నెలలో, తెల్లవారుజామున, తూర్పున. సంక్రాంతి, పడమర, గొడ్లు ఇంటికొచ్చే వేళ, ఎడంగా ఇంకో పెద్ద చుక్క... గ్రంథాలయం బల్ల ముందు కూచుని ఆవిడ మాటలు ఒక్కొక్కటే టిక్కు పెట్టుకున్నాను. ఒక్కటీ తప్పులేదు. ఆవిడ ఒక్కతే కాదు, లోకమంతటా ఎంతోమంది ముసలివాళ్ళు చూసింది జనవరి చుక్కనే, పిల్లలు దానికి హేలీ అని పేరు తగిలించారని ఆ పుస్తకంలోనే ఉంది.

మరి హేలీని ఎందుకు చూడలేదంటారా? గడియ పెట్టారు కదా. జనవరి చుక్క చెప్పాపెట్టకుండా వచ్చింది, భయపడే వ్యవధి ఇవ్వలేదు. హేలీది ముందే చెప్పిన తేదీ. దాని తోకలో సయనోజెన్ అనే విషవాయువు ఉందని శాస్త్రజ్ఞులు పసిగట్టారు. మే 18, 19 తేదీల్లో భూమి ఆ తోకలోంచి పోతుందని పేపర్లు రాశాయి. ఆ తోక ఎంత పలచనంటే మన ఊపిరికి ఆనదు, కానీ ఆ మాట ఎవరికి ఎక్కుతుంది? అమెరికాలో తోకచుక్క మాత్రలని అమ్ముకున్నారు. దానికి తోడు మే 6న ఎడ్వర్డు చక్రవర్తి పోయాడు. రాజునే తీసుకుపోయిన చుక్క మనల్ని వదులుతుందా అని మా ఊరి పెద్దలు కిటికీలకు గోనెపట్టాలు కట్టారట. అదే ఏడు విజయనగరంలో గురజాడవారు ముత్యాల సరములు రాస్తూ ఆ చుక్కనే రాబోయే మంచికి జెండాగా చూశారు. ఆయన కిటికీకి గోనెపట్టా లేదన్నమాట. నాయనమ్మ మాత్రం చీకటి గదిలో, తులసాకు వేసిన నీళ్ళు తాగి, చెమటలు కక్కుతూ పడుకుంది.

ఇక పోయినేడు భోగి, 2025 జనవరి 13. మనం ఇక్కడే ఇలాగే మంట వేసుకున్నాం, మీకు రేగిపళ్ళు పోశాం. సరిగ్గా ఆ రోజే ఇంకో అట్లాస్ తోకచుక్క సూర్యుడికి కోటీ నలభై లక్షల కిలోమీటర్ల దగ్గరగా వెళ్ళింది. మనకు సరిగా కనబడలేదు, దక్షిణాది దేశాలకే దక్కింది. పండగ వెళ్ళిన వారం పది రోజులకు ఆస్ట్రేలియా నుంచి మీ అక్క ఫొటో పంపింది. పొద్దు గుంకిన పడమర, నారింజరంగు, నేలను ఆనుకుని తోకచుక్క. "పైన శుక్రుడు కూడా ఉన్నాడు తాతయ్యా, ఫోటోలో పట్టలేదు" అని రాసింది. ఇదిగో, ఈ ఫోనులోనే ఉంది, చూడండి. వేలితో పెద్దది చేసి చూడు. తోక ఎటు వాలింది?

హేలీ మళ్ళీ 2061 జూలైలో. 2023 డిసెంబరులోనే అవతలి కొసకు చేరి ఇటు మళ్ళింది. మీకు ఎలాగూ కనబడుతుంది, ఆ సంగతి మీరు చూసుకోండి. నేను చెప్పేది డాబా మీది లెక్క. 1910లో ఒకటి, 1986లో ఒకటి, ఆ రెండూ వేరువేరు. దుప్పటి సర్దుకుంటూ ఆవిడ చెప్పింది రెండనే కదా.