తాటాకు కప్పు కింద పల్లె బడి

(రేడియో ప్రసంగ పాఠం)
వాక్యభాగము: 1 కొరింథీయులకు 1:26–29, కీర్తన 78:1–7



కొరింథు సంఘానికి పత్రిక వ్రాస్తూ పౌలు భక్తుడు ఒక మాట అడుగుతున్నాడు. మీ సంఘంలో ఎవరెవరున్నారో ఒకసారి చూసుకోండి, లోకం గొప్పవారని ఎంచినవారు ఎందరున్నారు అంటున్నాడు. లోకం లెక్కలోనికి తీసుకోని వారినే దేవుడు కావాలని ఎంచుకున్నాడని ఆయన చెప్పే మాట. ఈ వాక్యానికీ మన తెలుగు పల్లెలలోని చిన్న బడికీ దగ్గర సంబంధం ఉంది. ఆ చరిత్ర మన పిల్లలకు తెలియాలి, మనకు కూడా జ్ఞాపకం ఉండాలి. అందుకే ఈ దినమున దానిని ధ్యానించుకుందాము.

బడి అనేది మిషనరీలతోనే మన దేశానికి రాలేదు. అంతకుముందే మన ఊళ్లలో వీధి బడులు ఉండేవి. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన రాజధానిలోని బడుల లెక్క తీయించాడు. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన నివేదికలో ఆ బడి కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది. ప్రొద్దున ఆరు గంటలకే బడి మొదలు. ముందుగా వచ్చిన పిల్లవాని అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు వ్రాసేవారు. ఆలస్యంగా వచ్చినవారికి వరుసను బట్టి బెత్తం దెబ్బలు. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దేవారు. పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పేవారు. ఆ జిల్లాలో 533 బడులు ఉండగా, వాటిలో 226 తెలుగు బడులు. చదువుకొనేవారు 6,641 మంది. అందులో ఆడపిల్లలు 60 మంది మాత్రమే.

ఆ బడి మంచిదే. అయితే అది ఊరి లోపల, అరుగు మీద సాగేది. ఊరి వెలుపల మాలపల్లెలో, మాదిగపల్లెలో పుట్టిన బిడ్డకు ఆ అరుగు మీద సాధారణంగా చోటు ఉండేది కాదు. ఆ బిడ్డ పగలంతా ఎవరివో పశువులు కాయాలి. తండ్రి చేసిన అప్పు పత్రం మీద ఏమి వ్రాసి ఉందో తండ్రికీ తెలియదు, బిడ్డకూ తెలియదు.

ఇటువంటి కాలంలో, 1866 సెప్టెంబరులో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు కుటుంబంతో ఒంగోలు వచ్చి నివసించారు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. అంతకు 12 సంవత్సరాల ముందు, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, జూవెట్ దొరగారు మరికొందరు విశ్వాసులు ఒంగోలు కొండ మీద మోకరించి ఈ ప్రాంతం కొరకు ప్రార్థించారు. దానినే మనం ప్రార్థన కొండ అంటాము. 1867 జనవరి 1న 8 మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

ఒంగోలులో మొదట తెరిచిన బడికి అగ్రవర్ణాల పిల్లలు వచ్చారు. పెద్దమనుష్యులు ఆ బడికి సహాయం కూడా చేశారు. పని బాగానే జరుగుతున్నట్లు కనబడింది. అదే సమయంలో తాళ్లకొండపాడు నుండి యెర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి వచ్చాడు. ఆయన మాదిగ కులస్థుడు. తాను నమ్మిన ప్రభువును గూర్చి తన వారందరికీ చెబుతూ తిరిగినవాడు. ఆయన వెంట మాదిగలు సంఘంలోనికి రాసాగారు. అప్పుడు ఊరి పెద్దలు దొరగారి యొద్దకు వచ్చి, ఈ జనాన్ని మీరు చేర్చుకుంటే మా పిల్లలను మీ బడికి పంపము అని చెప్పారు.

శ్రోతలారా, ఆ రాత్రి దొరగారి ఇంట్లో ఎంత కలవరం ఉండి ఉంటుందో ఆలోచించండి. ఒక ప్రక్క పలుకుబడి గలవారు, పైకం, పట్టణంలో గౌరవం. మరొక ప్రక్క ఊరు తాకను కూడా తాకని జనం. దొరగారు ఒక గదిలో, దొరసానిగారు మరొక గదిలో బైబిలు తెరిచారు. ఇద్దరి కన్నూ ఒకే భాగం మీద పడింది. మనం ఈ దినమున తీసుకొన్న భాగమే అది. తరువాత ఒకరి సంగతి ఒకరు తెలుసుకొని, ఇది దేవుని నడిపింపు అని గ్రహించారు. ద్వారం తెరిచే ఉంచారు. అగ్రవర్ణాల పిల్లలు బడి విడిచి వెళ్లారు.

మన పల్లె బడి చరిత్ర ఆ నిర్ణయం దగ్గర ఆరంభమైంది. ఎవరు వస్తే గౌరవమో చూసుకొని నడిపించిన బడి కాదది. ఎవరు వచ్చినా కాదనని బడి.

అయితే ద్వారం తెరిస్తే చాలదు. ఆ ద్వారంలోనికి పిల్లవాడు రావాలంటే అతని ఇల్లు వెల చెల్లించాలి. క్రొత్త విశ్వాసులకు క్లౌ దొరగారు మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలకు మ్రొక్కరాదు. వినడానికి ఇవి చిన్న మాటలే. కాని ఆ మాటల వలన పల్లెకూ ఊరికీ మధ్య పాత కట్టుబాటు తెగింది. కొన్ని చోట్ల బావి నీళ్లు ఆపారు, పని ఆపారు. పశువులు కాసే పిల్లవానిని బడికి పంపితే వాని కూలి గింజలు ఇంటికి రావు. అయినా తలిదండ్రులు పంపారు. మాకు ఒక ఉపదేశిని ఇవ్వండి, మా పిల్లలకు అక్షరాలు చెప్పేవాడిని ఇవ్వండి అని అడిగారు.

ఆ బడి ఎలా ఉండేదంటారా? మట్టి గోడలు, పైన తాటాకు కప్పు. కట్టినవారు పల్లెవారే. పగలు అది బడి, రాత్రి ప్రార్థన స్థలం, ఆదివారం దేవుని మందిరం. పంతులుగారికి మిషను కొంత ఇస్తే పల్లె కొంత పెట్టేది. కోతల కాలంలో గింజలు కొలిచి ఇచ్చేవారు. పగలు పశువుల వెంట వెళ్లే పిల్లలకు రాత్రి దీపం వెలుతురులో చదువు చెప్పేవారు. చాలా చోట్ల పంతులుగారి భార్య ఆడపిల్లలను కూర్చోబెట్టుకొని చదువు చెప్పేది. పల్లెలో ఎవరికైనా ఉత్తరం వస్తే చదివేది పంతులుగారే, అర్జీ వ్రాయాలంటే వ్రాసేది ఆయనే. అప్పు పత్రం మీద వ్రేలిముద్ర వేయకముందు అందులో ఏముందో చదివి చెప్పేవాడు పల్లెలో ఒకడు ఉన్నాడంటే, అది ఆ పల్లెకు ఎంత ధైర్యం!

ఇక 1876 నుండి 1878 వరకు గొప్ప కరవు వచ్చింది. ప్రజలకు పని దొరకాలని క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకం కంట్రాక్టు తీసుకున్నారు. ఆయనతో ఉన్న ఉపదేశకులే అక్కడ మేస్త్రీలయ్యారు. పగలు మట్టి పని, విరామ సమయంలో సువార్త. గింజల కొరకు మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని ఆయన నెలల తరబడి బాప్తిస్మాలు ఆపివేశారు. చివరకు 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్య మన సంఘాలలో చాలామందికి కంఠతా వచ్చు. కాని ఆ మరుసటి దినం సంగతి మనం తలంచము. ఇన్ని వందల పల్లెలలో ఉన్న ఈ బిడ్డలకు వాక్యం చదవడం ఎవరు నేర్పాలి? 1872లో రామాపట్నంలో స్థాపించబడిన వేదాంత పాఠశాల, ఒంగోలు బడులు ఉపదేశకులను, ఉపాధ్యాయులను సిద్ధపరచవలసి వచ్చింది. పల్లె నుండి ఒక కుర్రవాడు చదువుకొనడానికి వెళ్లి, పంతులై మరొక పల్లెకు వెళ్లేవాడు. నదిలో ఒక్క దినం జరిగిన పనిని తాటాకు కప్పు కింద ఏళ్ల తరబడి నిలబెట్టినవారు వీరే.

ప్రభుత్వం కూడా కొంత సహాయం చేసింది. 1868 నుండి మద్రాసు రాజధానిలో, పరీక్షలో పిల్లలు తప్పక నిలిచినదానిని బట్టి బడికి గ్రాంటు ఇచ్చే పద్ధతి నడిచింది. 1893లో పంచములు అని పిలువబడిన వారి విద్య కొరకు ప్రత్యేక ఉత్తర్వు వచ్చింది. దూరాన తిన్నెల కింద నిలబడిన బిడ్డ సంగతి సర్కారు కాగితాలలోనికి ఎక్కడానికి అంత కాలం పట్టింది.

ఈ చదువు ఎంత దూరం వెళ్లిందో చూడండి. 1895లో వినుకొండలో పుట్టిన గుఱ్ఱం జాషువ కవిగారు చిన్ననాడు కులం పేరిట అవమానాలు పడ్డవారు. ఆయన గుంటూరులో లూథరన్ సంఘం వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో కొన్ని సంవత్సరాలు పని చేశారు. పల్లెలకు పంతుళ్లను పంపే చోట అంతటి కవి పాఠం చెప్పారు. ఊరు కాదన్న వారి నోట తెలుగు భాష ఎంత బలంగా పలికిందో లోకమంతా విన్నది.

ప్రియులారా, చరిత్రను పొగడడానికి మాత్రమే తలచుకుంటే ప్రయోజనం లేదు. మన బడులలో లోపాలు కూడా ఉండేవి. ప్రభువు బల్ల దగ్గర కలిసి కూర్చోవలసిన మాల మాదిగ సహోదరులు అనేక చోట్ల వేరు వేరు మందిరాలు, వేరు వేరు బడులు కోరుకున్నారు. మరొక లోపం ఏమిటంటే, దొరల పేర్లు మందిరాల గోడల మీద ఉన్నాయి. పల్లెలో ఎండలో వానలో నిలబడి ఓపికగా అక్షరాలు దిద్దించిన పంతుళ్ల పేర్లు, పంతులమ్మల పేర్లు ఎక్కడా లేవు. వారు జ్ఞాపకంలో లేకపోతే, దేవుడు ఎవరిని ఏర్పరచుకున్నాడో మనం మరచినట్లే.

మన కాలంలో చట్టం మారింది. 2002లో రాజ్యాంగ సవరణ ద్వారా విద్య ప్రాథమిక హక్కు అయింది. 2009 నాటి చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చి, 6 నుండి 14 ఏళ్ల బిడ్డలందరికీ ఉచిత నిర్బంధ విద్యను చెబుతుంది. 2003 జనవరి నుండి ఆంధ్రప్రదేశ్ బడులలో మధ్యాహ్నం వండిన అన్నం పెట్టసాగారు. ఒకప్పుడు అరుగు ఎక్కనివ్వని బిడ్డలు అందరితో ఒకే వరుసలో కూర్చొని తినాలన్నది అందులో దాగిన భావం. ఇది ప్రభువు చేసిన మేలు.

కాని మరొక ప్రక్క చూడండి. రెండు తెలుగు రాష్ట్రాలలోను పిల్లలు తగ్గి వెలవెలబోతున్న ప్రాథమిక పాఠశాలలు ఉన్నాయి. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఎయిడెడ్ విద్యాసంస్థల సిబ్బందిని, ఆస్తులను ప్రభుత్వంలో కలిపే ప్రక్రియ మొదలైనప్పుడు, కొన్ని పట్టణాలలో తలిదండ్రులు వీధిలోనికి వచ్చి మా బడి ఉండాలి అన్నారు. బడి మీద ప్రేమ ఇంకా చావలేదు. అయితే ఒక ప్రశ్న మనకు మిగిలి ఉంది. ఆనాడు కూలి గింజలు వదులుకొని బడి కట్టిన సంఘం, జీతం ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టిన తరువాత బడిని కూడా ప్రభుత్వానికే వదిలిపెట్టిందా?

78వ కీర్తనలో ఆసాపు, తండ్రులు చెప్పినదానిని పిల్లలకు దాచిపెట్టము అంటున్నాడు. ఆ మాట ప్రకారం మనం చేయగలిగిన పనులు ఉన్నాయి. మీ ఊరి బడిలో మీ బిడ్డ ఉన్నా లేకపోయినా, ఆ బడి మీదే అనుకోండి. చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు ఉండాలి. మన సంఘపు తల్లులు ఆ కమిటీలో కూర్చొని నోరు విప్పి మాట్లాడాలి. వారమంతా తాళం వేసి ఉండే మందిరాన్ని సాయంకాలం రెండు గంటలు తెరిచి, ఏ కులపు బిడ్డ వచ్చినా, ఏ మతపు బిడ్డ వచ్చినా కూర్చొని చదువుకొనడానికి దీపం వెలిగించండి. సంఘంలోని వృద్ధులను అడిగి, మీ పల్లెలో మొదటి అక్షరాలు నేర్పిన పంతులుగారి పేరు, పంతులమ్మ పేరు సంఘపు పుస్తకంలో వ్రాసిపెట్టండి.

తాటాకు కప్పు పోయి స్లాబు వచ్చింది. ఆనాడు ఆ కప్పు కింద ఉన్న ప్రేమ ఈ స్లాబు కింద ఉందా అని ప్రభువు మనలను అడుగుతున్నాడు.

ప్రార్థించుకుందాము. ప్రభువా, ఎవరూ లెక్కించని మా పితరులను నీవు లెక్కించినందుకు స్తోత్రము. మా పల్లెలలో పాఠం చెప్పే ప్రతి ఉపాధ్యాయుని, ఉపాధ్యాయురాలిని బలపరచుము. పలక పట్టుకున్న ప్రతి బిడ్డను కాపాడుము. ఏ బిడ్డకూ మా ద్వారం మూయకుండా మాకు కృప దయచేయుము. యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ. ఆమేన్.