ఫోన్‌లో మొదటి మాట మార్కులేనా? టీనేజీ చదువుపై పెంపకం ప్రభావం

కోనసీమలోని రాజోలు, మలికిపురం ప్రాంతాల నుంచి చాలామంది గల్ఫ్ దేశాలకు పనికి వెళ్తుంటారు. అలాంటి ఇళ్లలో పిల్లల్ని దాదీయో నానీయో చూసుకుంటారు. కువైట్‌లో సాయంత్రం 6 గంటలకు అబ్బా ఫోన్ చేస్తే ఇక్కడ రాత్రి 8.30. "మార్కులెన్ని?" అనేదే చాలాసార్లు మొదటి ప్రశ్న.

అమెరికా సైకాలజిస్టు డయానా బామ్‌రిండ్ 1960లలో పెంపకాన్ని మూడు రకాలుగా చెప్పారు: హుకుం చేయడం, అన్నీ వదిలేయడం, నియమం పెట్టి కారణం కూడా చెప్పడం. మూడో పద్ధతిలో పెరిగిన పిల్లలు సాధారణంగా చదువులో మెరుగ్గా ఉంటారని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

చదువంటే ఇష్టమా, భయమా, విసుగా అన్నది రెండింటిపై ఆధారపడుతుందని జర్మనీకి చెందిన రైన్‌హార్డ్ పెక్రున్ 2006లో వివరించారు. ఒకటి 'నా వల్ల అవుతుంది' అనే నమ్మకం, రెండోది 'ఇది నాకు అవసరం' అనే భావన. పక్కింటి పిల్లలతో పోలిస్తే మొదటిది దెబ్బతింటుంది. "నీ కోసమే ఇక్కడ కష్టపడుతున్నా" అని పదేపదే అంటే చదువు అప్పు తీర్చడంలా అనిపిస్తుంది.

పదో తరగతి 600 మార్కుల గురించి అడగొద్దని కాదు. ముందు "ఈరోజు ఏది అర్థం కాలేదు?" అని అడగాలి. రాత్రి సెల్‌ఫోన్ పక్కన పెట్టమంటే ఎందుకో చెప్పాలి. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో పిల్లల మాటా వినాలి. స్కూల్లో తల్లిదండ్రుల సమావేశానికి దాదీ వెళ్తే, టీచర్ చెప్పింది బిడ్డ ఎదుటే అబ్బాకు చెప్పాలి.

దూరాన ఉన్నా పెంపకం ఆగదు. అది ఆ ఫోన్ మాటల్లోనే సాగుతుంది.